అమరావతీ స్తూపశిలలు – తొలి ఛాయాచిత్రముల సాక్ష్యము

కృష్ణానది దక్షిణతీరమున నున్న అమరావతీ మహాస్తూపముయొక్క శిల్పములకుఁ దెలిసినంతలో మొట్టమొదటి ఛాయాచిత్రములు 1858వ సంవత్సరమునఁ దీయఁబడినవి. తీసినవాఁడు మద్రాసు సైన్యమునకుఁ జెందిన కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్. తీసిన చోటు మాత్రము అమరావతి కాదు, చెన్నపురి మ్యూజియము. అప్పటికి ఆ శిలలు తమ స్థానమును విడిచి పదుమూఁడు సంవత్సరములు గడచినవి. కొన్ని యంతకంటె ముందే విడిచినవి.

ఈ యొక్క విషయమునే పట్టుకొని యాలోచించినచో అమరావతీ చరిత్రరచనయందలి పెక్కు చిక్కులకు మూలము కనఁబడును. ఛాయాచిత్రము అబద్ధమాడదని లోకమున నొక నమ్మిక. సాక్షి యెంత సత్యవాదియైనను తాను చూడనిదానిని జెప్పఁజాలఁడు గదా. ట్రైప్ కెమెరా శిలలను జూచినది. అవి యుండిన చోటును జూడలేదు. చోటును జూచినవారు అంతకు నలువదేండ్లకు ముందు వచ్చిన చిత్రలేఖకులు. వారిచేతఁ గెమెరా లేదు. ఈ రెండు సాక్ష్యములను గలిపి చదువుట విద్వాంసులకు వెంటనే పట్టుపడిన విద్య కాదు. ఆ నడుమ జరిగిన పొరపాట్లే యీ వ్యాసమునకు ముఖ్యవిషయము.

అమరావతీ గ్రామమున కానుకొనియున్న దిబ్బకు దీపాలదిన్నె యని జనులు పెట్టుకొన్న పేరు. పదునెనిమిదవ శతాబ్దపు టంత్యమున వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు చింతపల్లిని విడిచి అమరేశ్వరుని సన్నిధికిఁ దన నివాసమును మార్చి నూతనపట్టణమును గట్టించుచున్నప్పుడు, ఇటుకలకును రాళ్లకును గాను ఆ దిన్నెను ద్రవ్వించిరి. ఇటుకలతోఁబాటు తెల్లని చెక్కడపుఁ బలకలు బయటఁబడినవి. జనులు దానిని చలువరాయి యనిరి, ఇంగ్లీషువారు మార్బిల్ అనిరి. నిజమునకు అది పలనాటి సున్నపురాయి. ఉలికి మెత్తగా లోఁబడి, ఆరిన తరువాత దంతపుఁ జెక్కడమువలె నిలుచు రాయి యది. శిల్పుల కంతటి యనుకూలమైన గుణమే దానికిఁ జివరకు శత్రువైనది. కాల్చినచో సున్నమగును. జాతకకథలను మోసిన పలకలు కొన్ని బట్టీలపాలై గోడల వెల్లగా మాఱినవి. కొన్ని శివగంగచెఱువు మెట్లలోఁ జేరినవి. కట్టించినవారికి అది బౌద్ధస్తూపమని తెలియదు. తెలిసియున్నను ఆ కాలమున నెవరును ఆఁగియుండెడివారు కారు. దూషించుటకుఁ గారణము లేదు, చెప్పుకొనుటకుఁ గారణము కలదు.

ఆ త్రవ్వకపు వార్త విని కాలిన్ మెకంజీ ఆ శతాబ్దాంతముననే యొకసారి వచ్చి చూచిపోయెను. కావలి వేంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య యను సోదరులు ఆతనికి పరిశోధనమునఁ గుడిభుజములై పనిచేసిన యాంధ్రులు. వారు లేనిదే మెకంజీ సంచయము లేదు. మరల 1816లో వచ్చునప్పటికి దిన్నె నడిబొడ్డు త్రవ్వి గుంటగాఁ జేయఁబడియున్నది. మెకంజీ ఆ సంవత్సరము మొదలు 1818 వఱకుఁ దన క్రిందనున్న చిత్రలేఖకులను నియోగించి, బయల్పడిన ప్రతి పలకను గొలిపించి, కాగితముమీదికి నెక్కించెను. 1817 నాఁటి స్థలపటమొకటి ఆ పనిలోఁ జేరినది. స్తూపపు వలయము, ద్వారముల దిక్కులు, నిలిచియున్న రాళ్ల చోట్లు అందుఁ గలవు. ఆ చిత్రములు తరువాత లండను చేరి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి. వానియందు నీడలు మెత్తన, రేఖలు కఠినము. ముఖముల కవళిక యొక్కొక్కచోట లేఖకుని యూరిదిగా మాఱినదేమో యని తోఁచును. ఐనను ఏ రాయి యెక్కడ నున్నదో చెప్పఁగల సాక్ష్యము అదియొక్కటియే.

తరువాతి కథ చెదరుటయే. మెకంజీ కొన్నింటిని గలకత్తాకును కొన్నింటిని మచిలీబందరునకును బంపెను. బందరు కలెక్టరు రాబర్ట్‌సన్ తన పేర వెలసిన పేటలోని సంతచౌకమును అలంకరించుటకై కొన్ని పలకలను నిలిపించెను. ప్రదక్షిణము చేయు భిక్షువుల కంటి యెదుట నుండవలసిన పద్మములు కొన్నియేండ్లు సంతబేరములకు సాక్షులై నిలిచినవి. 1845లో వాల్టర్ ఎలియట్ దిన్నెను మరలఁ ద్రవ్వి, దొరకిన శిలలను జెన్నపురికిఁ బంపెను. ఎలియట్ సామాన్యుఁడు కాఁడు; దక్షిణదేశ నాణెములను, శాసనములను బరిశీలించిన పండితుఁడు. అట్టివాఁడు చేసిన పనికిని, ఏ పలక యెక్కడ దొరకెనో చూపు పటమొకటి ఆనాఁడు ప్రకటింపఁబడలేదు. శిలలు మద్రాసు చేరి ఆరుబయట ఎండకు, వానకు నోర్చుకొని పడియున్నవి. 1851లో మ్యూజియము స్థాపింపఁబడినది. 1856లో విలియం టైలరు అను మతాచార్యుఁడు వానిని బరిశీలించి యొక నివేదిక వ్రాసెను. అప్పటినుండి వానికి 'ఎలియట్ మార్బిల్స్' అను పేరు నిలిచినది. శిలకు ఊరి పేరు పోయి దొర పేరు వచ్చుట గమనింపఁదగిన విషయము.

ఇక ట్రైప్. ఆతఁడు 1822లో ఇంగ్లండునందలి డెవన్‌పోర్టునఁ బుట్టి, కుంపినీ సైన్యమునఁ జేరి, సెలవులో స్వదేశమునకుఁ బోయినప్పుడు ఛాయాచిత్రవిద్యను నేర్చెను. 1854లో హళేబీడు, బేలూరు ఆలయములను దీసెను. 1855లో బర్మా రాజునొద్దకుఁ బోయిన రాయబారివర్గముతో వెళ్లి, అచ్చట రెండువందలకుఁ బైఁబడిన చిత్రములను దీసెను. ఆ పనిని జూచి మద్రాసు ప్రభుత్వమువారు 1856లో ఆతనిని బ్రభుత్వ ఛాయాచిత్రకారునిగా నియమించిరి. అప్పటికి ఈ విద్య పుట్టి యిరువదియేండ్లు కాలేదు. టాల్బటు 1841లోఁ గాగితపు నెగటివునకుఁ బేటెంటు పుచ్చుకొనెను. 1851లో ఫ్రాన్సున లె గ్రే మైనము పట్టించిన కాగితపుఁ బద్ధతిని, అదే సంవత్సరము ఇంగ్లండున ఆర్చర్ గాజుపలకమీఁది కొలోడియన్ పద్ధతిని వెల్లడించిరి. గాజు పద్ధతిలో పలక తడియాఱకముందే చిత్రము తీసి, కడిగి, స్థిరపఱుపవలెను. మన యెండలో ఆ తడి నిలుచుట యెంతసేపో ఊహింపవచ్చును. మైనపుఁ గాగితమున నీ తొందర లేదు. ముందురాత్రి సిద్ధము చేసికొని, బండిపై వేసికొని, మఱునాఁడో యటుమఱునాఁడో వాడవచ్చును. కావుననే ప్రయాణములందు ట్రైప్ ఎక్కువగా మైనపుఁ గాగితమునే నమ్మెను. దాని లోపము వేఱు: వెలుఁగు చాలసేపు పడవలెను, కదలునది చిక్కదు. శిల కదలదు. ఆ కాలపు కెమెరాకు ఆలయములును శిల్పములును ప్రియవిషయము లగుటకు నిది యొక కారణము.

ఆతనికిఁ దోడ్పడినవారిలో అయ్యాస్వామి యను దేశీయుఁ డొకఁడు. దొరల పుస్తకములందు ఆతని పేరు చిన్న యక్షరములలో మాత్రమే కనఁబడును. రసాయనములు కలిపినదెవరు, కాగితములు కడిగినదెవరు, బండ్లు తోలినదెవరు అని యడిగినచో నిట్టివారి పేరులు చాల రావలసియుండును.

1857 చివరను 1858 మొదటను ట్రైప్ శ్రీరంగము, తిరుచిరాపల్లి, పుదుక్కోట, మధుర, తంజావూరు తిరిగెను. తంజావూరు బృహదీశ్వరాలయపు విమానము అడుగుభాగమున నున్న శాసనములను ఇరువదియొక్క చిత్రములుగాఁ దీసి, వానిని వరుసగ నతికి, సుమారు పందొమ్మిది యడుగుల పొడవుగల యొకే పటముగాఁ గూర్చెను. పండితు లీ పనిని బ్రత్యేకముగ నెన్నఁదగును. అక్షరముల స్థానక్రమము చెడిన శాసనము శాసనము కాదు. ఆ సంగతి నెఱిఁగియే యాతఁడు ముక్కలను వరుసతప్పకుండ నతికెను. తంజావూరున నాతఁడు చేయఁగలిగిన యీ పని అమరావతీ శిలల విషయమున సాధ్యము కాలేదు. అచ్చట గోడ యున్నది. ఇచ్చట గోడ లేదు, రాళ్లున్నవి.

చెన్నపురికిఁ దిరిగివచ్చి 1858లో మ్యూజియమునందలి అమరావతీ శిలలను దీసెను. ఆ చిత్రములు సంపుటముగ వెలువడినవి. స్తంభములమీఁది పద్మములు, పూర్ణకుంభములు, మాలను మోయు మానవులు, స్తూపాకృతిని జెక్కిన పలకలు, విఱిగిన తలలు, అన్నియు నందుఁ గలవు. చెక్కడపు లోతు తెలియుటకు వెలుఁగు ప్రక్కనుండి పడవలెను. నేరుగాఁ బడినచో బొమ్మ చదునగును. ఈ మర్మమును ఆ కాలపు మంచి చిత్రకారు లెఱుఁగుదురు. మెకంజీ లేఖకులు రేఖలోఁ జూపలేని దొకటి యీ చిత్రములలోఁ గానవచ్చును: ఉలి దెబ్బయొక్క పదును. వస్త్రపు మడఁత యెక్కడ రాతిలోఁ గరఁగి పోవునో, చేతివ్రేళ్లు ఎంత సన్నమో, ఆ మెలఁకువ కలమునకుఁ జిక్కునది కాదు. ఇంకొక లాభము కలదు. శిలలు ఓడ యెక్కకముందు ఏ స్థితిలో నున్నవో యీ చిత్రములు నిలిపినవి. ఏ మూల ఎప్పుడు విఱిగెనని విచారించువారు ఇప్పటి శిలను 1858 నాఁటి చిత్రముతోఁ బోల్చి చూడవలసినదే.

ఇట్టి పని ఆ దినములలోఁ గృష్ణాతీరపు శిలలకు మాత్రమే జరిగినది కాదు. భూగోళమునకు రెండవ ప్రక్కన, మెక్సికోదేశపు యుకటాన్ అడవులలో మాయాజాతివారి ప్రాచీననగరములు శిథిలములై యున్నవి. వానిని 1841లో స్టీఫెన్సు, కేథర్‌వుడ్ అనువారు చూడఁబోయినప్పుడు డాగెరు పద్ధతి యంత్రము నొకదానిని వెంటఁ గొనిపోయిరి. అది తృప్తిగాఁ బనిచేయకపోఁగా కేథర్‌వుడ్ తన పెన్సిలునకే మరలెను. పిమ్మట ఫ్రెంచివాఁడైన దెజిరే షార్నే 1857 మొదలు 1860 వఱకు నా దేశమునఁ దిరిగి, మిట్లా, పలెంకే, చిచెన్ ఇట్జా, ఉష్మాల్ శిథిలములను గాజుపలకలపైఁ దీసెను. ట్రైప్ చెన్నపురిలో నున్న యేండ్లును షార్నే యడవిలో నున్న యేండ్లును నొకటియే. భేదమొకటి: మాయా ఆలయములు చెట్లవేళ్లతోఁ బెనఁగులాడుచునైనను దమ చోటనే యున్నవి, కెమెరాయే వానియొద్దకుఁ బోయినది. అమరావతీ శిలలు కెమెరా యొద్దకు వచ్చినవి.

1859లో మద్రాసునకు గవర్నరుగ వచ్చిన సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ఛాయాచిత్రశాఖ విలాసవ్యయమని తలంచి దానిని మూయించెను. ఆ సంవత్సరమే శిలలు లండనుకు ఓడ యెక్కినవి. సుమారు నూటయిరువది. అవి చేరునప్పటికిఁ గుంపినీ ప్రభుత్వ మంతరించి, దాని మ్యూజియమునకే నిలువనీడ లేకయుండెను. కొంతకాలమునకు ఫైఫ్ హౌస్ అను భవనపు బండ్లశాలలోఁ జేరినవి. 1867లో పారిసున జరిగిన ప్రదర్శనమునకై జేమ్స్ ఫెర్గుసన్ భారతదేశ వాస్తువిద్యకు సంబంధించిన ఛాయాచిత్రములను గొన్ని వందలు సమకూర్చుచు, ఆ సందర్భమున నీ శిలలను గనుఁగొనెను. చూచినతోడనే వాని గొప్పతనమును గుర్తించెను. దేశము విడిచి వచ్చి, బండ్ల నడుమఁ బడియున్న శిలలను శాస్త్రవిషయము చేసినవాఁ డాతఁడే యనుటలో సందేహము లేదు.

ఆతఁడు చేసిన పద్ధతి గమనింపఁదగినది. ఒక్కొక్క పలక బరువు మనుష్యులు త్రిప్పి చూచుకొనఁదగినది కాదు. కావున గ్రిగ్స్ అను చిత్రకారునిచేత నన్నింటిని నొకే కొలతకుఁ దగ్గించి తీయించి, ఆ కాగితములను మేజామీఁదఁ బరచి, మెకంజీ చిత్రములతో సరిచూచుచు, విఱిగిన ముక్కకు ముక్కను జేర్చి స్తూపమును మరలఁ గట్టుకొనెను. రాయిని గదలింపలేనివానికిఁ గాగితము కదలినది. తాళపత్రములు చెదరిన గ్రంథమును వరుస చేయు పండితుఁడు చేయు పనియే యిది. 1868లో వెలువడిన 'ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్' అను నాతని గ్రంథము సగము సాంచికిని, సగము అమరావతికిని జెందినది. సాంచిని 1862లో వాటర్‌హౌస్ అను సైనికుఁడు స్థలముననే తీసియుండెను. తోరణములు నిలిచియుండఁగాఁ దీసిన చిత్రములవి. కావున సాంచి విషయమునఁ దోరణ మేది, ప్రాకార మేది యను సంశయము పుట్టలేదు. అమరావతి విషయమునఁ బుట్టినది.

ఫెర్గుసన్ లెక్కించిన చొప్పున అమరావతీ స్తూపమునకు రెండు ప్రాకారములు: వెలుపలి దొకటి, లోపలి దొకటి. వెలుపలిదానికిఁ బెద్దస్తంభములు, పద్మములుగల యడ్డుసూచులు; లోపలిదానికిఁ బలుచని, సూక్ష్మమైన చెక్కడముగల పలకలు. కాగితముమీఁద నిది చక్కగ నమరినది. ఏ ముక్కయు మిగులలేదు, ఏ ముక్కయు నెదురు తిరుగలేదు. దోషము ముక్కలలో లేదు. 1881–82లో జేమ్స్ బర్జెస్ అమరావతికి వచ్చి, భూమిలో నింకను నిలిచియున్న పలకలను జూచునప్పటికి సంగతి వేఱుగ నున్నది. లోపలి ప్రాకారము లేనేలేదు. దానివని యెన్నఁబడిన పలుచని పలకలు స్తూపపుటడుగు గోడకు, అనఁగా సుమారు నూటయఱువది యడుగుల వ్యాసముగల ఇటుకకట్టడపు చుట్టుగోడకుఁ, గప్పిన తొడుగుఱాళ్లు. ప్రాకార మొకటియే. భక్తుఁడు రెండు ప్రాకారముల నడుమఁ బోలేదు; ప్రాకారమునకును స్తూపమునకును నడుమఁ బోయెను. కుడిప్రక్కన నున్న బొమ్మలు స్తూపపు దేహముపైననే యుండెను. ప్రదక్షిణార్థమే మాఱినది గదా. కాలనిర్ణయము నిట్లే మాఱినది. ఫెర్గుసన్ ముఖ్యశిల్పములను నాల్గవ శతాబ్దమునకు దింపెను. వాసిష్ఠీపుత్ర పుళుమావి కాలపు శాసనము బర్జెస్‌నకు దొరకిన పిమ్మట అవి రెండవ శతాబ్దమునకు జరిగి, శాతవాహనులవైనవి.

అట్లని ఛాయాచిత్రమును దూషింపరాదు. వ్యాకరణము చదివినవారికి స్థాన్యాదేశవిచారము తెలిసినదే. ఒక వర్ణమునకో పదమునకో మాఱుగ నింకొకటి వచ్చినప్పుడు, వచ్చినది పోయినదానివలెనే కార్యములను నిర్వర్తించును. కాని పోయినదాని వర్ణస్వరూపమునే యాశ్రయించిన విధి వచ్చినపుడు ఆ యధికారము దానికి లేదు. శిలకు ఛాయాచిత్రము ఆదేశము. కథ యేది, వేషమేది, ముద్రయేది, శాసనపుఁ బాఠమేది యను విషయములందు అది శిలవలెనే ప్రమాణము. రాతి మందము, వెనుకవైపు, అడుగున దిగఁగొట్టిన భాగము, గోడ కానిన గుర్తు, ఇవి శిలాస్వరూపమునే యాశ్రయించిన విషయములు. వీనియందు ఆదేశమును నమ్మరాదు. పలక తొడుగుఱాయో, రెండుముఖముల ప్రాకారశిలయో తేల్చునది మందమును వెనుకవైపును. చిత్రమున లేనివి సరిగా నవియే.

దీనికి నిదర్శనమొకటి బ్రిటిష్ మ్యూజియముననే యున్నది. ఒకే పలకకు రెండు ముఖములందును చెక్కడము కలదు. ఒక ముఖమున బోధివృక్షము, దాని క్రింద శూన్యాసనము, చుట్టును భక్తులు. బుద్ధుని మూర్తి లేదు. ఇది క్రీస్తునకుఁ బూర్వపుఁ బని. రెండవ ముఖమున నలంకృతమైన స్తూపము, ఇది క్రీ.శ. మూఁడవ శతాబ్దపుఁ బని. అనఁగా మున్నూఱేండ్ల పిమ్మట స్తూపమును బునరుద్ధరించినప్పుడు పాతపలకను బాఱవేయక, త్రిప్పి వెనుకవైపునఁ గ్రొత్తగాఁ జెక్కి నిలిపిరన్నమాట. ఒక్క రాతిలో నమరావతీశిల్పముయొక్క యాద్యంతములు రెండును గలవు. ఏ వైపునఁ దీసినను చిత్రమునకు సగము చరిత్రయే చిక్కును. రెండవ వైపు గోడకు మొగమై యుండును. ఇట్లు తిరుగవేసిన పలకలు మఱికొన్ని కలవు.

బర్జెస్ వచ్చునాఁటికే స్థలమున జరిగిన యనర్థ మొకటి చెప్పవలెను. 1877లో బెజవాడప్రాంతపు టుద్యోగిగా నున్న రాబర్టు సూయెల్ దిన్నెలో నొకభాగమును ద్రవ్వించి, ఏ రాయి యెక్కడ నున్నదో పటము వేసికొని, 1880లో నివేదికను బ్రకటించెను. అది మెచ్చఁదగిన పని. కాని యా 1880లోనే గవర్నరు బకింగ్‌హాము ప్రభువు ఉత్తరువుచేత దిన్నె యంతయు నొక్కసారిగఁ ద్రవ్వి చదును చేయఁబడినది. పలకలు చాల దొరకినవి. దొరకిన చోట్లు దొరకలేదు. బర్జెస్ ఆ రాసులలోనుండి యేఱి, చిత్రములు తీయించి, చెన్నపురికిఁ బంపవలసి వచ్చెను. 1887లో వెలువడిన ఆతని గ్రంథమున జగ్గయ్యపేట స్తూపముకూడఁ జేరినది. అచ్చటి మాంధాతృ చక్రవర్తి పలకయు, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలపు శాసనమును బ్రసిద్ధములు. ఆ యేండ్లలోనే యాల్ఫ్రెడ్ మాడ్స్‌లే యను నింగ్లీషువాఁడు మాయా శిథిలములలోఁ దిరుగుచు, ప్రతి శిలకును ఛాయాచిత్రముతోఁబాటు కాగితపు అచ్చును, సున్నపు అచ్చును దీయించెను. కెమెరాకుఁ జిక్కని మందము అచ్చునకుఁ జిక్కునని యాతఁడు గ్రహించియుండును. ఐనను యష్చిలాన్ ద్వారములపై నుండిన చెక్కడపుఁ బలకలను లండనునకుఁ దెచ్చుట మానలేదు. నేఁడవి అమరావతీ శిలలున్న భవనముననే యున్నవి.

ఆ దినములలో స్థలనిర్ణయమే తెలియక పండితులు తడఁబడుచుండిరి. హ్యూన్‌త్సాంగు చెప్పిన ధాన్యకటకము బెజవాడయే యనియు, పూర్వాపరశైల విహారములు బెజవాడ కొండలమీఁదివే యనియు ఫెర్గుసన్, సూయెల్ మొదలగువారు వాదించిరి. అమరావతికిఁ జేరువనున్న ధరణికోటయే ధాన్యకటకమని యిప్పుడు సిద్ధాంతము. బెజవాడ కెదురుగ నేటి కావలనున్న ఉండవల్లి గుహాలయమును దలఁచినచో నొక యూఱట. నాలుగంతస్తుల యా కొండగుహను, అందు శయనించిన యనంతపద్మనాభుని నెవరును బండి యెక్కింపలేరు. ఎవరే సంవత్సరమున నే మూలనుండి చిత్రము తీసినను, దానిని జేతఁబట్టుకొని పోయి యక్కడనే నిలిచి సరిచూచుకొనవచ్చును. మొగలరాజపురపు గుహలును నట్టివే.

డెల్టాలోని యితరస్తూపముల కా భాగ్యము లేదు. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట ముగిసిన పిమ్మటఁ గాలువలు, లాకులు, బాటలు విస్తారముగఁ గట్టఁబడినవి. వానికి ఇటుకయు రాయియుఁ గావలెను. భట్టిప్రోలు స్తూపపుఁ జలువరాళ్లు వెల్లటూరి లాకులోఁ జేరినవి. కాలువ యన్నము పెట్టినది; దానిని గాదనువారు కృష్ణాజిల్లాలో లేరు. ఐనను ఆ స్తూపమును గూల్చుటకు ముందు కెమెరా దానిముందు నిలువలేదు. 1892లో అలెగ్జాండర్ రీ మిగిలిన యడుగుభాగమును ద్రవ్వఁగా మూఁడు ధాతుకరండములు బయటఁబడినవి. వానిపై నున్న బ్రాహ్మీలిపి తెలుఁగుదేశపు లిపిచరిత్రకు మూలాధారము. కరండములు దక్కినవి, అండము దక్కలేదు. దాని యాకృతి యెట్టిదో ఇప్పుడు పోలికచేత నూహింపవలసినదే.

కథ మార్గము మార్చుకొన్నది నాగార్జునకొండయందు. 1926లో రంగస్వామి సరస్వతి ఆ లోయను గనుఁగొనెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు త్రవ్వించెను. ఆతని గ్రంథము 1938లో వెలువడినది. నందికొండ ఆనకట్టవలన లోయ మునుఁగునని తెలిసిన పిమ్మట, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యమున మహాఖననము జరిగినది. అచ్చట స్తూపము, విహారము, స్నానఘట్టము, ఏది బయల్పడినను ముందు స్థలముననే కొలత, పటము, చిత్రము, తరువాతనే తరలింపు. కొన్నింటిని రాయికి రాయిగ దీవిమీఁదను, అనుపుయొద్దను మరలఁ గట్టిరి. లోయ నేఁడు నీటిక్రింద నున్నను, ఏ స్తంభ మే మండపమునకుఁ జెందినదో వివాదము లేదు. అమరావతిలో నేల పొడిగా నున్నది, వివాదము తీఱలేదు.

లండను శిలలు 1880లో బ్రిటిష్ మ్యూజియమునకు మాఱి, కొంతకాలము మెట్లదారి గోడలపై నుండి, రెండవ మహాయుద్ధము నాఁటినుండి చాలయేండ్లు నేలమాళిగలో నుండినవి. 1992లో మాత్రమే వానికిఁ దగిన శాల యేర్పడినది. ఆ నడుమ తరములవారు వానిని ఛాయాచిత్రములందే చూచిరి. చెన్నపురి శిలలనుగూర్చి శివరామమూర్తిగారు 1942లో వ్రాసిన గ్రంథము కథలను, వస్తువులను, ఆభరణములను వేఱువేఱుగ నిర్ణయించినది. లండను శిలలకు డగ్లస్ బారెట్ 1954లోను, రాబర్టు నాక్స్ 1992లోను జాబితాలు కూర్చిరి. ఇటీవలఁ బరిశోధకులు మెకంజీ లేఖకుల చిత్రములను, ట్రైప్ చిత్రములను, ఇప్పటి శిలలను మూఁడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచుచున్నారు. ఒక పలక మెకంజీ పటమున నే చోట నున్నదో తేలినచో, అది 1858లో నెంత విఱిగినదో, ఇప్పుడెంత మిగిలినదో వరుసగఁ దెలియును. ఈ విధముగఁ గొన్నింటికి స్థానము దొరకినది. దొరకనివి ఎక్కువ.

శిలలు నేఁడు చెన్నపురి, లండను, కలకత్తా, అమరావతి మొదలగు పలుచోట్ల నున్నవి. వానిని జూడఁబోవుట కృష్ణాతీరపు బాలురకు సులభము కాదు. 1817 నాఁటి స్థలపటమును, 1858 నాఁటి చిత్రములును మాత్రము నేఁడు ఖర్చు లేకయే చూడ లభించుచున్నవి. అమరావతి, గుంటూరు, విజయవాడ పాఠశాలల చరిత్రపండితులు ఆ రెండింటిని నొకే గోడకుఁ బ్రక్కప్రక్కన దగిలించి, ఈ రాయి యీ పటమున నెక్కడిదని పిల్లల నడుగవచ్చును.